తెల్ల గుడ్డ మీద పురుగు

కోళ్ళు పెంచేవాళ్ళకు కోళ్ళంటే ప్రేమ ఉంటుందని జనం అనుకుంటారు. నాకు లేదు. ఎప్పుడూ లేదు. కోడి తన పెంట తానే తొక్కుతుంది, ఆ కాళ్ళతోనే నీళ్ళ తొట్టిలోకి దిగుతుంది, ఆ నీళ్ళే తాగుతుంది. పక్క కోడికి ఈక ఊడి కొంచెం నెత్తురు కనబడిందంటే చాలు, అన్నీ చేరి అక్కడే పొడుస్తాయి. ఎండాకాలం నోరు తెరుచుకొని రొప్పుతూ చెట్ల కింద పడుంటాయి. వానాకాలం గూటి కింద బురదా రెట్టా కలిసి పులిసిన పిండిలా బుడగలు కక్కుతుంది. మా తోట చూడడానికి వచ్చేవాళ్ళు మాత్రం గేటు దగ్గర బండి దిగి, గుండె నిండా గాలి పీల్చి, ఎంత ప్రశాంతంగా ఉందండీ అంటారు. గాలి వాటం మారేదాకా ఆ మాట మీద నిలబడతారు.

మా తోట వేంపల్లెకు దగ్గర్లో ఉంది. రాళ్ళ నేల, ఒక బోరు, రెండు ఆవులు, మా మామ నాటిపోయిన చీనీ చెట్లు, అంటే బత్తాయిలు. ఇంట్లో ఉండేది నేను, మా ఆయన, మా అత్త. పెళ్ళినాటికి మా ఆయన ఎర్రగుంట్లలో సిమెంటు లారీ తోలేవాడు. ఇంటికి వస్తే తల నుంచి కాళ్ళ దాకా బూడిదే. అప్పుడు విసుక్కునేదాన్ని గానీ, ఇప్పుడు తలుచుకుంటే ఆ బూడిద ఎంత మంచిదో అనిపిస్తుంది. దానికి వాసన ఉండదు. నీళ్ళు పోసుకుంటే పోతుంది.

మామ పోయాక చీనీ చెట్లు కొసల నుంచి ఎండడం మొదలుపెట్టాయి. ఎవరో ప్రకృతి సేద్యం మీటింగు పెడితే మా ఆయన పోయి, మన నేల చచ్చిపోయింది, దానికి మళ్ళీ ప్రాణం పోయాలి అని నేర్చుకొని వచ్చాడు. లారీ మానేశాడు. పురుగు మందులు, ఎరువుల బస్తాలు మానేశాడు. నాటు కోళ్ళు తెచ్చాడు. పాత ట్రాలీ చక్రాల మీద ఇనుప జాలీ గూడు వెల్డింగు చేయించి, దాన్ని చెట్ల వరసల మధ్య ముందుకు జరుపుకుంటూ పోతాడు. ఆవులు మేసిన చోటికి కోళ్ళు పోవాలి, పేడ గీరి పురుగులు ఏరుకోవాలి, రెట్ట వెయ్యాలి, ఆ రెట్టతో నేల మెత్తబడాలి, గడ్డి మొలవాలి, మళ్ళీ ఆవులు రావాలి. ఇదంతా చెప్పేటప్పుడు చేత్తో గాల్లో గుండ్రంగా చుట్టి చూపిస్తాడు. ఆ చుట్టులో నేను యాడుండానని ఒకసారి అడిగాను.

"నువ్వు లేకుంటే ఇది తిరగదుమే," అన్నాడు. పొగుడుతున్నానని అనుకున్నాడు పాపం.

తిప్పేది నేనే, నిజమే. సోమవారం గూడును ఒక వరస నుంచి ఇంకో వరసకు మళ్ళించాలి. ఆయన ముందు నుంచి లాగితే నేను వెనక నుంచి నెట్టాలి, వెనకే కదా రెట్టంతా ఉండేది. మంగళవారం ఆయన మోపెడ్ మీద వేంపల్లెకు పోయి, కూరగాయల మార్కెట్లో కుళ్ళిన టమేటాలు, హోటళ్ళలో మిగిలిన ఎంగిలి అన్నం మూటలు కట్టి తెస్తాడు. ఆ మూటల నుంచి కారిన రసం మోపెడ్ మీద చారలు కట్టి ఎండిపోయి ఉంటుంది. ఆ బండి మీదే నేను ఆదివారం గుడికి పోవాలి. బుధవారం, గురువారం కోడిపిల్లల గూట్లో తడిసిన శనక్కాయ పొట్టు ఎత్తి కొత్తది వెయ్యాలి. తడిసిన పొట్టు ఎత్తినప్పుడు కళ్ళు మండి నీళ్ళు కారతాయి. నేను ఏడుస్తున్నానని మా అత్త మొదట్లో రెండు మూడు సార్లు ఓదార్చింది కూడా. శుక్రవారం గుడ్లు తుడవాలి. గుడ్డు తెల్లగా నున్నగా పుడుతుందని అనుకునేవాళ్ళు ఒక్క శుక్రవారం నా పక్కన కూర్చోవాలి.

మంగళవారం, శనివారం కోడిని కొనేవాళ్ళు ఉండరు, వాళ్ళ దేవుళ్ళ రోజులు. అందుకని అందరి ఆకలీ ఆదివారం మీదే పడుతుంది. శనివారం పొద్దు గూకాక కోళ్ళను పట్టి గంపల కింద మూస్తాం. ఆదివారం తెల్లవారుజామున పక్క ఊరి భాయ్ కత్తి తీసుకొని వస్తాడు. ఆయన కోస్తే హిందువులూ తింటారు, సాయిబులూ తింటారు, మేమూ తింటాం, కాబట్టి ఆయనే కోస్తాడు. కోసి, చెయ్యి కడుక్కొని, టీ తాగి పోతాడు. మిగతాదంతా నాది. వేడి నీళ్ళలో ముంచడం, ఈకలు పీకడం, మంట మీద కాల్చడం, పసుపు పూయడం, పొట్ట కోసి లోపల చెయ్యి పెట్టి పేగులు లాగడం. తడి ఈకలు కాలే వాసన ఒకసారి ముక్కులోకి పోయిందంటే మధ్యాహ్నం దాకా ఏది తిన్నా అదే రుచి. తరువాత స్నానం చేసి, శనగపిండి, నిమ్మ చెక్కలు, చింతపండు, ఉన్నవన్నీ వేసి చేతులు రుద్ది, తెల్ల చీర కట్టుకొని గుడికి పోతాను. మేము తరతరాలుగా క్రైస్తవులం. ఆదివారం జనమంతా కోడి తింటారు, ఆదివారమే మాకు ఆరాధన. ఈ రెండింటినీ ఒకే పొద్దున పెట్టిన దేవుడికి కోళ్ళ సంగతి తెలిసినట్టు లేదు.

ఇంతవరకైతే ఎలాగో ఓర్చుకునేదాన్ని. పురుగుల డ్రమ్ము వచ్చాక ఓర్పు చచ్చింది.

బస్తా దాణా కొంటే ఇది ప్రకృతి సేద్యం ఎట్లయితాదని మా ఆయన వాదన. అందుకని ఒక నీలం డ్రమ్ము తెచ్చి, ఇంటి వెనక గోడ వారన పెట్టి, మార్కెట్ కుళ్ళు, ఎంగిలి అన్నం, నేను లాగిన పేగులు అన్నీ అందులో పోయడం మొదలుపెట్టాడు. ఒక రకం నల్ల ఈగలు వచ్చి అందులో గుడ్లు పెట్టాయి. ఆ గుడ్లు పురుగులయ్యాయి. మూత తీస్తే లోపల అన్నం ఉడుకుతున్నట్టు కదులుతూ ఉంటుంది. చప్పుడు కూడా ఉంటుంది, నీళ్ళలో నానిన అటుకులు నమిలినట్టు. ఆ చప్పుడు విన్న రోజు నుంచి నేను అటుకులు తినలేదు.

పురుగులకు ఒక వయసు వస్తుందట. తెల్లనివి నల్లబడి, మేత మానేసి, పొడి చోటు వెతుక్కుంటూ పైకి ఎక్కుతాయట. వాటికోసం ఆయన డ్రమ్ముకు ఒక గొట్టం ఏటవాలుగా బిగించాడు. అవి తమంతట తామే గొట్టం ఎక్కి, అవతలి బక్కెట్లో పడతాయి. బక్కెట్టు తీసుకుపోయి కోళ్ళకు పోస్తాడు. కోళ్ళు ఒకదాని మీద ఒకటి పడి మింగుతాయి. మా ఆయన చేత్తో పిడికెడు తీసి, నా మొహం ముందు పెట్టి, "చూడుమే, యెంత బలంగా ఉండాయో," అంటాడు, కొత్త బియ్యం చూపించినట్టు. వేళ్ళ సందుల్లోంచి అవి బయటికి తలలు పెట్టేవి.

"గలీజు మనిషివి, దూరం పో," అన్నాను.

"ఇది గలీజు కాదుమే, మేత."

"కోళ్ళకా, నీకా?"

నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ రోజు నుంచి ఆయన చేత్తో పెట్టింది ఏదీ నేను తినలేదు. అన్నం గిన్నె ఆయన ముట్టకముందే నాది నేను పెట్టుకునేదాన్ని. పండు కోసిస్తే వద్దనేదాన్ని. ఎంత రుద్దినా ఆయన గోళ్ళ కింద నల్లగా ఉండేది. ఆయన మంచం వసారాలో వేశాను. దుప్పటి తీసుకొని పోయాడు.

ఒక మాట మాత్రం ఒప్పుకోవాలి. చీనీ చెట్లు చిగురు పట్టాయి. చెట్ల కింద గునపం దిగని చోట ఇప్పుడు చేత్తో తవ్వితే మట్టి వస్తుంది. అది చూసి కూడా నాకు కడుపు నిండలేదు, ఎందుకంటే ఆ మట్టిలో కూడా పురుగులే ఉన్నాయి.

ఇప్పుడు రొట్టె సంగతి చెప్పాలి. మా గుడిలో నెల మొదటి ఆదివారం ప్రభు బల్ల ఉంటుంది. ఆ రోజు పాస్టరు అయ్యగారు రొట్టె విరిచి, ద్రాక్షరసంతో కలిపి అందరికీ ఇస్తాడు. ఆ రొట్టె మా ఇంటి నుంచే పోవాలి. గుడికి బోద గడ్డి కప్పు ఉన్నప్పటి నుంచీ అంతే. మా అత్తకు వాళ్ళత్త ఇచ్చింది ఆ పని, చేతులు వణకడం మొదలయ్యాక మా అత్త నాకు ఇచ్చింది. గోధుమ పిండి, నీళ్ళు, అంతే. ఉప్పు ఉండదు. ఎంగిలి పడని నోటితో, స్నానం చేసిన ఒంటితో చెయ్యాలి. ఎండు ద్రాక్ష నానబెట్టి, ఉడికించి, పిసికి రసం తీయాలి. బల్ల మీద పరిచే తెల్ల గుడ్డ కూడా మేమే ఉతికి తీసుకుపోవాలి. వారమంతా రెట్టలో, పేగుల్లో పెట్టే నా చేతులకు ఆ ఒక్క పని దొరికేది. ఆ పిండి ముద్ద తెల్లగా, చల్లగా చేతిలో ఉన్నంతసేపూ నేను మనిషిననిపించేది. నెలంతా దానికోసమే చూసేదాన్ని.

డ్రమ్ము వచ్చాక గుడిలో ఆడవాళ్ళు బెంచీ మీద కొంచెం జరిగి కూర్చుంటున్నారని నాకు తెలుసు. అందుకే ఆ మొదటి ఆదివారాల్లో ఇంకా జాగ్రత్తగా ఉండేదాన్ని. కోడిని తాకకముందే, చీకటి ఉండగానే లేచి, స్నానం చేసి, రొట్టె కాల్చి, డబ్బాలో పెట్టి బిగించి, ఆ తరువాతే కోళ్ళ దగ్గరికి పోయేదాన్ని. తెల్ల గుడ్డ శనివారమే ఇస్త్రీ చేసి, బుట్టలో పెట్టి, చీమలు పట్టకుండా వెనక వసారా గోడ మేకుకు తగిలించేదాన్ని.

ఆ శనివారం వాన కురిసింది. ఆర్డర్లు ఎక్కువై, కోళ్ళను పట్టే తొందరలో మా ఆయన బక్కెట్టు ఖాళీ చెయ్యడం మరిచిపోయాడు. నిండిన బక్కెట్టులోంచి పురుగులు బయటపడి, తడి గోడ పట్టుకొని, పొడి చోటు వెతుక్కుంటూ పైకి ఎక్కాయి. గోడ మీద పొడిగా ఉన్న చోటు నా బుట్ట ఒక్కటే. పొద్దున నేను రొట్టె డబ్బా మూత తీసి రెండు సార్లు చూసుకున్నాను. రసం సీసా వెలుతురుకు పట్టి చూశాను. గుడ్డ మడత విప్పలేదు. ఇస్త్రీ చెదిరిపోతుందని.

గుడిలో పాట పాడుతుంటే నేను ముందుకు పోయి, బల్ల మీద గుడ్డ విదిలించి పరిచాను. నల్లటి పురుగు ఒకటి మధ్యలో పడింది. పడి, ఒళ్ళు ముడిచి, చాచి, మెల్లగా రొట్టె పెట్టే పళ్ళెం వైపు కదిలింది. పాట ఒక్కో గొంతు ఒక్కో గొంతుగా ఆగిపోయింది. నా చెయ్యి లేవలేదు. నాకు దాన్ని ముట్టుకోవాలంటే అసహ్యం, అంతమంది ముందు కూడా అదే అసహ్యం. అయ్యగారు పుస్తకంలోకి చూస్తూ నిలబడ్డాడు.

మగవాళ్ళ వైపు నుంచి మా ఆయన లేచి వచ్చాడు. ఏ కంగారూ లేకుండా పురుగును రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. పట్టుకొని బయటికి పోయి పారేస్తాడనుకున్నాను. చొక్కా జేబులో వేసుకున్నాడు. అలవాటు. ఆయన మేత పారెయ్యడు. బల్ల ముందు, అయ్యగారి ముందు, సంఘమంతా చూస్తుండగా పురుగును జేబులో వేసుకొని, పోయి తన చోట కూర్చున్నాడు. జేబు మీద బట్ట కదులుతుంటే అందరూ దాన్నే చూశారు.

తల తీసేసినట్టయింది నాకు. ముందు బెంచీలో కూర్చునే టీచరమ్మ పైట కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ఆమె పెట్టుకుంటే వెనక బెంచీలవాళ్ళూ పెట్టుకున్నారు. ఆ రోజు బల్ల దగ్గరికి సగం మంది రాలేదు. ఎప్పుడూ ఆరాధన అయ్యాక మిగిలిన రొట్టె ముక్కలకోసం పిల్లలు ఎగబడతారు. ఆ రోజు తల్లులు వాళ్ళను రెక్క పట్టుకొని తీసుకుపోయారు. రొట్టెంతా డబ్బాలోనే ఇంటికి వచ్చింది.

దారంతా నేను మాట్లాడలేదు. ఇంటికొచ్చాక మాత్రం చాలా మాట్లాడాను. మా ఆయన అంతా విని, ఆ సాయంత్రమే డ్రమ్మును తాడు కట్టి ఈడ్చుకుంటూ తోట చివరికి తీసుకుపోయాడు. మరుసటి ఆదివారం నన్నూ అత్తనూ గుడి దగ్గర దించి, లోపలికి రాకుండా గేటు పక్కన బండి స్టాండు వేశాడు.

"రావా?" అన్నాను.

"నాకు వాసనొస్తాండాది అంటాండారు. మీరు పోండి. నేను ఈడనే ఉంటా."

మంచిదే, అనుకున్నాను. నిజంగానే అట్లా అనుకున్నాను. ఆయన పక్కన లేకపోతే నా మీద వాసన సగం తగ్గుతుందని లెక్క వేసుకున్నాను. మా అత్త గేటు దగ్గర ఆగి, వెనక్కి తిరిగి కొడుకు వైపు చాలాసేపు చూసింది.

ఆ తరువాతి వారం అయ్యగారు మా ఇంటికి వచ్చాడు. మంచి మనిషే. వసారాలో కుర్చీ వేసి టీ ఇచ్చాను. ఈగ ఒకటి కప్పు చుట్టూ తిరిగింది. ఆయన కప్పు చేతిలోకి తీసుకొని, చూసి, మెల్లగా కింద పెట్టాడు. మళ్ళీ ముట్టుకోలేదు.

"అమ్మా, ఏమీ అనుకోవద్దండి. సంఘంలో కొందరు నొచ్చుకుంటున్నారు. కొన్నాళ్ళు రొట్టె పని టీచరమ్మగారింటికి ఇద్దామనుకుంటున్నాం. మీకూ పని భారం తగ్గుతుంది కదా."

భారమంట. నా బతుకులో బరువు లేనిది అదొక్కటే.

మా అత్త గుమ్మంలో కూర్చొని ఉంది. ఆమె గొంతు పెంచే మనిషి కాదు.

"అయ్యా, నీకు తెల్దేమో. మా పెద్దోళ్ళు చచ్చిన గొడ్లను లాగి, తోలు తీసినోళ్ళు. పెద్దూరి వీధిలో పోతే ఆ ఊరోళ్ళు ముక్కు మూసుకొని పక్కకు జరిగేవాళ్ళంట. వాళ్ళ గుడి ముందర నిలబడనిచ్చేవాళ్ళు కాదంట. ఈ దేవుడు కంపు కొడతాండారు పోండి అనలేదని, ఈ గుడి కట్టుకున్యారు. రాళ్ళు మా అవ్వ మోసింది. ఇప్పుడు ఈడ గూడా ముక్కు మూసుకుంటే, ఇంగ యాడికి పోవల్ల?"

అయ్యగారు తల వంచుకున్నాడు. "పెద్దమ్మా, నేను వాళ్ళతో మాట్లాడతా," అన్నాడు. ప్రార్థన చేసి పోయాడు. టీ మీద మీగడ కట్టింది. మా అత్త దాన్ని తీసుకుపోయి కోళ్ళ తొట్టిలో పోసింది.

మాట్లాడాడో లేదో, కబురైతే ఏమీ రాలేదు. మళ్ళీ మొదటి ఆదివారం దగ్గరపడింది. శుక్రవారం ఫోన్ వచ్చింది. టీచరమ్మ.

"అల్లుడోళ్ళు వస్తాండారమ్మా. రెండు కోళ్ళు కావల్ల. మీ కోళ్ళ రుచి ఇంగ యాడా రాదు. డాక్టరు గూడా పురుగూ పుట్రా తిన్న కోడే మంచిదన్నాడు."

సరే అన్నాను. వ్యాపారం కదా.

ఆదివారం చీకటి ఉండగానే వంటింట్లో వెలుగు కనబడి పోయి చూస్తే, మా అత్త పొయ్యి ముందు కూర్చొని ఉంది. స్నానం చేసి, తడి తల ముడి వేసుకొని, వణికే చేతులతో పిండి పిసుకుతోంది. మన రొట్టె వద్దన్నారు కదా అత్తా అన్నాను.

"వాళ్ళు వద్దన్యారు. ఆదివారం వద్దనలేదు కదా," అంది. నేను వత్తుతానని చెయ్యి చాచితే, కోళ్ళ పనికి పొమ్మంది.

తెల్లవారే సరికి టీచరమ్మ స్కూటీ మీద స్టీలు గిన్నె పెట్టుకొని తానే వచ్చింది. భాయ్ కోసి పోయాడు. నేను ఈకలు పీకి, కాల్చి, బండ మీద పెట్టి మొదటి కోడి మెడ కింద మేత సంచి కోశాను. అది నిండుగా ఉంది. రాత్రి తిన్నవి ఇంకా అరగలేదు. నల్లటి పురుగులు, కొన్ని చితికి, కొన్ని చితకకుండా, బండ మీదికి జారాయి. మామూలుగా అయితే వెంటనే నీళ్ళు కొట్టేస్తాను. ఆ రోజు కొట్టలేదు. ఆమె కళ్ళ ముందే ఉండనిచ్చాను. చూడనీ అనుకున్నాను. గిన్నె తీసుకొని వెనక్కి పోతుందని, పోవాలని కూడా ఆశపడ్డాను.

ఆమె చూసింది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. "బాగా కడుగమ్మా," అంది. అంతే. అక్కడే నిలబడింది.

కడిగాను. పేగులు లాగుతూ, ఈ పూట రొట్టె ఎవరు చేశారని అడిగాను.

"బేకరీలో చెప్పినాం. మిషన్ మీద కోసి, కవర్లో పెట్టి ఇస్తారు. శానా శుభ్రం. ఎవురి చెయ్యీ తగలదు."

నా చెయ్యి అప్పుడు మణికట్టు దాకా ఆమె కోడి లోపల ఉంది. కార్జం, కందనకాయ వేరుగా కావాలని అడిగి, కట్టించుకొని పోయింది. నేను చేతులు కడుక్కోవడానికి నీళ్ళ తొట్టి దగ్గర కూర్చున్నాను. ఎన్నో ఏళ్ళుగా నాకు పురుగును చూస్తే అసహ్యం, రెట్టను చూస్తే అసహ్యం, మా ఆయన గోళ్ళను చూస్తే అసహ్యం. వాటిలో ఏదీ ఆ పొద్దున కలిగిన అసహ్యానికి దగ్గర రాలేదు. ఆ కొంగు నాకు తెలుసు. మా ఇంట్లో నా ముక్కు మీద కూడా అదే ఉంటుంది.

గుడి దగ్గర ఆయన మళ్ళీ గేటు పక్కన స్టాండు వేశాడు. మా అత్త రొట్టె డబ్బా ఒడిలో పట్టుకొని లోపలికి పోయింది. నేనూ పోయి, ఆడవాళ్ళ వైపు కూర్చున్నాను. పక్కామె జరిగింది. బల్ల మీద కొత్త గుడ్డ, పళ్ళెంలో నాలుగు మూలలూ సమంగా కోసిన బేకరీ ముక్కలు. కిటికీలోంచి గేటు కనబడుతోంది. ఎండలో ఆయన బండికి ఆనుకొని, లోపల పాడే పాటకు పెదవులు కదుపుతున్నాడు. మా అత్త చెప్పిన మాట అప్పుడు పూర్తిగా తగిలింది నాకు. ఎవరినైతే గుడి ముందర నిలబడనియ్యలేదో వాళ్ళ మనవడు, వాళ్ళు కట్టుకున్న గుడి బయట నిలబడి ఉన్నాడు. నిలబెట్టింది టీచరమ్మ ఒక్కతే కాదు.

లేచి బయటికి పోయాను.

"లోపలికి రా."

"వద్దులేమే. వాసన..."

"వస్తాది. రా."

చెయ్యి పట్టుకున్నాను. గరుగ్గా, జిగటగా ఉంది, బండి మీది ఎండిన మరకలు అంటుకున్నాయేమో. ఒళ్ళు జలదరించింది. వదల్లేదు. మగవాళ్ళ వైపు చివరి బెంచీలో ఆయన్ను కూర్చోబెట్టి, ఆయన పక్కనే నేనూ కూర్చున్నాను. మా గుడిలో ఆడవాళ్ళు అటువైపు కూర్చోరు. తలలు తిరిగాయి. తిరగనీ అనుకున్నాను. కాసేపటికి మా అత్త కూడా డబ్బా పట్టుకొని, మెల్లగా నడుచుకుంటూ వచ్చి ఇంకో పక్కన కూర్చుంది.

పిలిచినప్పుడు ముగ్గురమూ పోయి మోకరించాం. అయ్యగారు ముందు మా ఆయన చేతిలో ముక్క పెట్టాడు. అయ్యగారి వేళ్ళు ఆ అరచేతికి తగిలాయి. మా అత్త దగ్గరికి వచ్చేసరికి ఆమె చేతిలోని డబ్బా చూసి ఒక్క క్షణం ఆగాడు. ఆమెకూ నాకూ ముక్కలు పెట్టి, పక్కవాళ్ళ దగ్గరికి పోయాడు.

ఇంటికొచ్చి వసారాలో కూర్చున్నాం. మా అత్త డబ్బా తెరిచి, రొట్టె తీసి కొడుకు చేతిలో పెట్టింది. ఉప్పు లేని ఉత్త గోధుమ రొట్టె, ఒక పక్క మాడింది, చేతుల వణుకుకు అంచులు వంకర పోయాయి. బల్ల మీదికి పోవలసిన రొట్టె అది. ఆయన దాన్ని విరిచి, వాళ్ళమ్మకు ఒక ముక్క ఇచ్చాడు. రెండో ముక్క పట్టుకొని నా వైపు చూశాడు. నేను ఆయన చేత్తో తినడం మానేశానని ఆయనకు గుర్తుంది. పళ్ళెంలో పెట్టడానికి చెయ్యి వెనక్కి తీసుకోబోయాడు.

"ఈడ పెట్టు," అని చెయ్యి చాచాను.

పెట్టాడు. ఆయన బొటనవేలి గోరు కింద ఆ నలుపు అట్లాగే ఉంది. రొట్టెకు డ్రమ్ము వాసన అంటింది, లేదా అంటిందని నాకు అనిపించింది. నోట్లో పెట్టుకుంటే గొంతు దాకా వాంతి వచ్చింది.

నమిలి మింగాను. ఇంకో ముక్క అడిగాను.